కొలను మూసివేతకు తొంభై ఎనిమిది శాతం

మత్స్యావతార ఈత క్లబ్బులో సభ్యులు ఆరువందల పన్నెండుమంది. వారిలో ఈత వచ్చినవారు సుమారు రెండువందలు. తక్కినవారు ఆరోగ్యం మీద తమకు గల గౌరవాన్ని సభ్యత్వ రూపంలో ప్రకటించి, ఇంటి దగ్గరే ఉండిపోయినవారు. ఈతకొలను విశాఖపట్నంలో సముద్రానికి కూతవేటు దూరాన, సరుగుడు తోపు వెనక ఉండేది. క్లబ్బు కార్యాలయం మాత్రం అక్కడికి ఏడు కిలోమీటర్ల దూరంలో, ఊరి నడిబొడ్డున, ఒక వ్యాపార సముదాయం మూడో అంతస్తులో ఉండేది. నీళ్లకు దగ్గరగా ఉంటే ఫైళ్లు చెమ్మగిల్లుతాయని వ్యవస్థాపకులు ముందుచూపుతో అలా ఏర్పాటు చేశారు.

బొడ్డేటి వరహాలమ్మ ఈ క్లబ్బులో ఈత కోసం చేరలేదు. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి, ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేసిన ఆవిడకు కుడి మోకాలు మొరాయించింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రేను దీపానికి ఎత్తిపట్టి, "రోజూ నలభై నిమిషాలు గుండెలోతు నీళ్లలో నడవండమ్మా. మూడు నెలలు చూద్దాం. తగ్గిందా సరే, తగ్గలేదా కీలు మార్చేద్దాం" అన్నాడు. మార్చేద్దాం అన్న మాటను అతను సైకిలు ట్యూబు మార్చే మనిషంత తేలికగా అన్నాడు. వరహాలమ్మకు అది అంత తేలికగా వినబడలేదు.

నీళ్లలో దిగిన మొదటి రోజునే ఆవిడకు ఒక సంగతి బోధపడింది. ఇన్నేళ్లూ నల్లబల్ల మీద బాణం గుర్తు వేసి చూపించిన ఉత్ప్లవన బలం, సుద్దముక్కలో కంటే నీళ్లలో చాలా బాగుంటుంది. అయిదు వారాలకు మంచం దగ్గర నుంచి వంటింటి దాకా గోడ పట్టుకోకుండా నడవగలిగింది. డాక్టరు చూసి, "ఇలాగే కానివ్వండి" అన్నాడు.

అలాగే అయ్యేది. ఆరో వారంలో క్లబ్బుకు నిహాంత్ వచ్చాడు.

నిహాంత్ హైదరాబాదు నుంచి వచ్చిన యువకుడు. సభ్యానుబంధ వ్యూహకర్త అతని హోదా. క్లబ్బు కార్యదర్శి ఉప్పలూరి గజేంద్రనాథ్ అతన్ని ఏదో వ్యాపార సదస్సులో చూసి, ముగ్ధుడై, వెంటబెట్టుకు వచ్చాడు. నిహాంత్ వచ్చిన రెండో రోజున కార్యవర్గాన్ని సమావేశపరిచి, తెర మీద ఒకే ఒక అంకె చూపించాడు: తొమ్మిది.

"క్లబ్ పంపే మెయిళ్లను నూటికి తొమ్మిదిమంది మాత్రమే తెరుస్తున్నారు సార్. దీన్ని ఓపెన్ రేటు అంటాం. మీకున్నది సభ్యత్వం కాదు సార్, మౌనం."

కార్యవర్గం చలించిపోయింది. పదిహేడేళ్లుగా తాము ఒక మౌనాన్ని నడుపుతున్నామని ఎవరికీ తెలియదు. కొలనుకు రోజూ ఎంతమంది వస్తున్నారని కోశాధికారి అడగబోయాడు గానీ, రావడాన్ని కొలిచే పరికరం ఇంకా తయారుకాలేదని నిహాంత్ చెప్పడంతో ఆ ప్రశ్న అశాస్త్రీయంగా తేలింది. తెరవడాన్ని కొలవవచ్చు. కొలవగలిగినదే యథార్థం. ఈ తర్కంలో ఎక్కడో చిల్లు ఉందని ఎవరికైనా అనిపించి ఉంటే, వారు అది పైకి అన్నట్టు సమావేశపు మినిట్సులో లేదు.

ఆ సాయంత్రమే గజేంద్రనాథ్ పేరిట ఒక ఉత్తర్వు వెలువడింది. "ఇకమీదట క్లబ్బుకు సంబంధించిన సమస్త సమాచారమూ, సభ్యులకైనను సిబ్బందికైనను, మెయిలు ద్వారా మాత్రమే అందజేయబడును. నోటీసు బోర్డు ప్రకటనలు, ఫోను సంభాషణలు, నోటిమాటలు ఇందుమూలముగా రద్దుపరచడమైనది." ఆ ఉత్తర్వును మెయిలులో పంపారు. తొమ్మిది శాతం చదివారు.

తర్వాత మెయిళ్లు మొదలయ్యాయి. మొదటిది, "వరహాలమ్మా, నీళ్లు మిమ్మల్ని కలవరిస్తున్నాయి." రెండోది, "వరహాలమ్మా, మనం ఒకసారి మాట్లాడుకోవాలి." మూడోది, "వరహాలమ్మా, నిన్న మీరు నవ్వలేదు." భర్త బతికి ఉన్న రోజుల్లో కూడా ఆవిడ నవ్విందో లేదో ఇంత శ్రద్ధగా గమనించినవారు లేరు. సభ్యుణ్ణి పేరుతో పిలిస్తే మనసు కరుగుతుందని వ్యూహశాస్త్రం. ఆవిడ మనసు కరగలేదు. ఆ మూడింటినీ తెరవకుండానే తీసిపారేసింది. ఓపెన్ రేటు పదకొండు దగ్గర ఆగి కునికిపాట్లు పడింది.

అప్పుడు కొలను దగ్గర నీరు తోడే మోటారు కాలిపోయింది. నిహాంత్ ఆ రోజు ఊళ్లో లేడు. కార్యాలయంలో గుమాస్తా ఎవరో కవిత్వం చేతగాక, "రేపు ఈతకొలను మూసివేత" అని ఉన్నదున్నట్టు ఒక మెయిలు పంపేశాడు.

తొంభై నాలుగు శాతం తెరిచారు.

నిహాంత్ తిరిగి వచ్చి ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడని, గజేంద్రనాథ్ మిఠాయిలు తెప్పించాడని తర్వాత తెలిసింది. అత్యవసర సమావేశంలో నిహాంత్ ఆ అంకెను తెర మీద వేశాడు. "మన సభ్యులు ఇన్నాళ్లూ ఏం కోరుకుంటున్నారో మనకు అర్థం కాలేదు సార్. వాళ్లు మూసివేతను కోరుకుంటున్నారు."

"సంస్థాగత దృక్కోణంలో, సభ్యుల ఆకాంక్షకు మించిన రాజ్యాంగం లేదు" అన్నాడు గజేంద్రనాథ్.

మొదట మంగళవారాలు మూశారు. తొంభై రెండు. తర్వాత మంగళ, గురువారాలు. తొంభై మూడు. వారానికి నాలుగు రోజులు మూయగానే తొంభై అయిదు. గీత పైకే పోతోంది. గీత పైకి పోతున్నప్పుడు దాన్ని ఆపేవాడు దేశంలో ఎక్కడా దొరకడు. మూడో వారానికి "తదుపరి సమాచారం వరకు" మూసివేత ప్రకటించారు.

వరహాలమ్మ కార్యాలయానికి వెళ్లింది. ఆ భవనంలో లిఫ్టు లేదు. మూడో అంతస్తు చేరేసరికి మోకాలు తన అభిప్రాయాన్ని స్పష్టంగా తెలియజేసింది.

"రండి, రండి వరహాలమ్మగారూ!" గజేంద్రనాథ్ ఎదురొచ్చి కుర్చీ లాగాడు. "తమరి గురించే అనుకుంటున్నాం. నిహాంత్, మేడమ్‌గారి పట్టిక చూపించవయ్యా."

నిహాంత్ కంప్యూటరు తెరను ఆవిడ వైపు తిప్పాడు. సభ్యుల పేర్ల వరసలో అన్నింటికంటే పైన బొడ్డేటి వరహాలమ్మ పేరు, దాని పక్కన ఆకుపచ్చ నక్షత్రం.

"మొన్నటి మూసివేత మెయిలును మీరు నలభై ఒక్కసార్లు తెరిచారు మేడమ్. జిల్లాలో ఇది రికార్డు."

"కొలను మళ్లీ ఎప్పుడు నడుపుతారో రాశారేమోనని చూశాను నాయనా. రాయలేదు. కళ్లు సరిగా లేవేమోనని మళ్లీ చూశాను."

"అదే మేడమ్! ఆ ఆత్రుతే మాకు కావలసింది!"

వరహాలమ్మ ఎనిమిదో తరగతి పిల్లవాడితో మాట్లాడే స్వరంలోకి దిగింది. "బాబూ, వాన పడుతుంటే జనం గొడుగులు తీస్తారు కదా?"

"తీస్తారు మేడమ్."

"తీసిన గొడుగులు లెక్కపెట్టి, ఈ ఊరి జనానికి తడవడమంటే ప్రాణమని నువ్వు తీర్మానిస్తావా?"

నిహాంత్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు; అతను మొండివాడు కాడు, శిక్షణ పొందినవాడు. "ఎన్ని గొడుగులో శాతం ఉంటే చెప్పగలను మేడమ్" అన్నాడు.

"పోనీ, ఒక పని చెయ్యి. సగంమందికి 'రేపు కొలను తీసి ఉంటుంది' అని పంపు. సగంమందికి మూసివేత అని పంపు. ఏ మెయిలుకు ఎంతమంది సంతోషించారో అడిగి తెలుసుకో."

"సంతోషం మా పరిధిలోకి రాదు మేడమ్" అన్నాడు నిహాంత్ వినయంగా.

గజేంద్రనాథ్ గొంతు సవరించుకున్నాడు. "తమరి అమూల్యమైన సూచనను మెయిలు ద్వారా పంపినచో తప్పక పరిశీలించబడుతుంది. నోటిమాటను పరిగణించే అధికారం, తమకు తెలియనిది కాదు, ఉత్తర్వు ప్రకారం మాకు లేదు."

"నా మోకాలికి ఆపరేషన్ తప్పాలంటే నాకు నీళ్లు కావాలండీ. అంతే. సూచనా లేదు, గీచనా లేదు."

"ఎంత హృద్యంగా చెప్పారు!" అని గజేంద్రనాథ్ నిహాంత్ వైపు తిరిగాడు. "ఇది రాసుకో. వచ్చే మెయిలుకు శీర్షికగా పనికొస్తుంది."

పనికొచ్చింది. రెండు రోజుల తర్వాత ఆరువందల పన్నెండుమందికీ మెయిలు అందింది: "'నాకు నీళ్లు కావాలి': ఒక సభ్యురాలి ఆక్రందన." లోపల, కొలను మూసివేత కొనసాగుతుందని ఉంది. తొంభై ఆరు.

ఆపై రెండు శాతం కోసం నిహాంత్ చాలా శ్రమించాడు. ఒకే రకం మూసివేత ఎల్లకాలం రుచించదు గనుక కారణాలు మార్చాడు. ఒకసారి పాచి. ఒకసారి కొలను మనోభావాల దృష్ట్యా విశ్రాంతి. చివరకు ఒక సోమవారం ఉదయం, "కొలనులో మొసలి ఉన్నదన్న వదంతిని క్లబ్బు తీవ్రంగా ఖండిస్తోంది" అని పంపాడు. అటువంటి వదంతి ఉన్నట్టు అంతకు ముందు ఎవరికీ తెలియదు. తెలిసిన తర్వాత ఎవరూ నమ్మడం మానలేదు. తొంభై ఎనిమిది.

సభ్యుల్లో వరహాలమ్మకు బాగా తెలిసిన మనిషి పీలా సత్యారావు. పోర్టులో క్రేన్లు నడిపి విరమించినవాడు, నడుం నొప్పికి ఈత కొట్టేవాడు. అతనే ఫోను చేశాడు.

"టీచరుగారూ, మొసలంటండీ."

"ఖండించారు కదా సత్యారావుగారూ."

"కండించేరంటే ఉన్నట్టే కదండీ! లేందాన్ని ఎవడు కండిస్తాడు?"

వరహాలమ్మ ఒక్క క్షణం నుదురు పట్టుకుని, అతనికి వేరే పని అప్పగించింది. మెయిళ్లు తెరుస్తున్నందువల్లనే కొలను మూస్తున్నారు. కాబట్టి ఎవరూ తెరవకూడదు. పది రోజులు. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పాలి. అంకె పడిపోతే మూసివేత మీద మోజు తీరుతుంది.

సత్యారావు రెండువందలమందిని కూడగట్టాడు. నాలుగు రోజులు కట్టుబాటుగా గడిచాయి. అంకె అరవైకి జారింది. అయిదో రోజున కార్యాలయం నుంచి పాత పద్ధతిలో, తపాలా ద్వారా, రెండువందల కవర్లు వెళ్లాయి. మెయిలు చదవనివారికి మెయిలు అందదు గనుక వారికి మాత్రం ఉత్తర్వులో మినహాయింపు ఇచ్చారు. "తమరు గత నాలుగు దినములుగా నిద్రాణ సభ్యులుగా గుర్తించబడినారు. ఏడు దినములలోగా కనీసము ఒక మెయిలు తెరిచి తమ సజీవతను నిరూపించుకొననిచో తమ సభ్యత్వము మరణించినదిగా భావించబడును. మృత సభ్యులకు పునఃప్రవేశము లేదు."

కవర్లు అందిన రోజు మధ్యాహ్నానికే అంకె తొంభైకి లేచింది. వరహాలమ్మ సత్యారావుకు ఫోను చేసింది.

"మీరూ తెరిచారా?"

"తెరవనేదండీ... అంటే, మిగతావోళ్లు తెరిచేరా నేదా అని తెలుసుకోడానికి తెరిచేను."

ఆవిడ ఫోను పెట్టేసి, తన సజీవతను తానూ నిరూపించుకుంది.

ఈలోగా, పూర్తి మూసివేత మొదలై తొమ్మిది వారాలు గడిచిపోయాయి. మళ్లీ గోడ పట్టుకోవలసి వచ్చింది. తర్వాత గోడ చాలలేదు. డాక్టరు మోకాలిని అటూ ఇటూ వంచి, "నీళ్లలో నడవడం మానేశారా?" అన్నాడు. "నీళ్లే మానేశాయండీ" అంది ఆవిడ. అతను క్యాలెండరు చూసి, పన్నెండో తేదీ బుధవారం రాశాడు. సంతకం పెట్టవలసిన కాగితం ఒకటి ఇచ్చాడు. ఆపరేషన్ బల్ల మీద ఏం జరిగినా తమ బాధ్యత లేదని అందులో ఉంది. ఇంత బాధ్యతారహితంగా రాయడం క్లబ్బుకు కూడా చేతకాదని ఆవిడకు అనిపించింది.

సంతకం పెట్టకుండా కాగితం సంచిలో వేసుకుంది. ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లు మంచం మీద ఉండాలో తెలియదు. కొలను దగ్గర తన అలమరాలో తువ్వాలు, రబ్బరు చెప్పులు, ఈత దుస్తులు ఉండిపోయాయి. మూసి ఉన్నా కాపలాకు ఎవరో ఒకరు ఉండకపోరు, అడిగి తెచ్చుకుందామని ఆటో ఎక్కింది.

సరుగుడు తోపు దగ్గర ఆటో దిగేసరికి గేటు బార్లా తీసి ఉంది.

లోపల ఇరవై అయిదు మీటర్ల పొడవునా నీళ్లు, అడుగున పలకల నీలం కనిపించేంత తేటగా, కదలకుండా పరచుకుని ఉన్నాయి. క్లోరిన్ వాసన గాలిలో హాయిగా ఉంది. గట్టు మీద ఒక నల్లటి, గట్టి మనిషి పొడవాటి వల కర్రతో నీటి మీద పడిన సరుగుడు పుల్లల్ని ఏరుతున్నాడు. కొలను మనిషి మైలపల్లి ఎల్లాజీ. మోటారూ అతనే, మందూ అతనే, ఎవరైనా మునిగితే తీసేదీ అతనే.

అతను ఆవిడను చూసి కర్ర వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా! ఒచ్చేరా! ఏటమ్మా, అందరూ ఏటైపోనారు? ముందు కొన్ని రోజులే రానేరు, తొమ్మిది వారాల బట్టి ఒక్క మనిసి నేడు. మళ్లీ ఆ రోగవేదో దిగిందేటని బయపడిపోనాను."

వరహాలమ్మ తీసి ఉన్న గేటు వైపు, నీళ్ల వైపు చూసింది. "కొలను... మూసేశారు కదా ఎల్లాజీ?"

"ఎవులు మూసేరమ్మా?"

"మోటారు కాలిపోయింది కదా?"

"మర్నాడే బాగు సేయించీసేను కదమ్మా. అదెంతసేపు పని?"

"మూసేయమని నీకు ఎవరూ చెప్పలేదూ?"

"నాకెవులూ సెప్పనేదు. ఆపీసోళ్లు ఇటేపు ఎప్పుడొచ్చేరు గనక? సెక్రటరీ బాబు రిబ్బను కత్తిరించిన్రోజు ఒచ్చేడు. మళ్లీ సూడనేదు." అతను కాస్త తగ్గి, సంజాయిషీ ఇస్తున్నట్టు అన్నాడు. "ఇకమీదట అన్నీ మెయిల్లోనే సెప్తామనీసి నాకో మెయిలు కట్టించేరమ్మా. దాని తాళం ఏటని ఆపీసుకెళ్లి అడిగేను. తాళం మెయిల్లోనే పంపించేం, తెరిసి సూసుకో అన్నారు. తాళం నేకుండా ఎలాగ తెరవనమ్మా? ఇంక ఊరుకున్నాను. పొద్దున్న అయిదున్నరకి గేటు తియ్యమన్నారు పదిహేడేళ్ల కింద. తీస్తన్నాను."

వరహాలమ్మ గట్టు మీద సిమెంటు బల్లపై కూర్చుంది. తొమ్మిది వారాలు. ఈ తొమ్మిది వారాల్లో ఆవిడ మూసివేతకు కారణాలు విశ్లేషించింది, గణాంకాల్లో దోషాలు పట్టుకుంది, గొడుగుల ఉపమానం చెప్పింది, ఉద్యమం నడిపింది. ఆటో ఎక్కి పావుగంట ప్రయాణించి, మూశారా లేదా అని మాత్రం చూడలేదు. ఒక్కరూ చూడలేదు. ప్రయోగం చేయకుండా ఫలితం రాసుకొచ్చిన పిల్లల్ని ఆవిడ ఎంతమందిని బెంచీ ఎక్కించిందో లెక్కలేదు. ఇప్పుడు తనను ఎవరైనా ఎక్కమన్నా, ఈ మోకాలితో ఎక్కగలిగేది కాదు.

"దిగండమ్మా, నీళ్లు బాగున్నాయి" అన్నాడు ఎల్లాజీ. "ఇయ్యాలే మందేసేను."

ఆవిడ దిగింది. నలభై నిమిషాలు అనుకుని గంటన్నర నడిచింది.

ఇంటికి రాగానే సత్యారావుకు ఫోను చేసింది. అతను మొదట నమ్మలేదు, తర్వాత మొసలి సంగతి అడిగాడు, తర్వాత ఆటోలో బయల్దేరి, దారిలో ఆవిడనూ ఎక్కించుకున్నాడు. అతను ఈత కొట్టి గట్టు మీద తల తుడుచుకుంటూ ఉండగా వరహాలమ్మ అంది, "రేపు కార్యాలయానికి వెళ్లి ఈ సంగతి చెప్పేద్దాం."

సత్యారావు తువ్వాలు ఆపేశాడు. "ఏ సంగతి?"

"కొలను నడుస్తూనే ఉందని. నిజం వాళ్లకు తెలియాలి కదండీ."

"టీచరుగారూ, మీరు పెద్ద చదువులు చదివినోరు, నేను క్రేను తోలినోణ్ణి. అయినా ఒక్కమాట చెప్తాను, ఏటీ అనుకోకండి. వాళ్లకి నిజం చెప్పేరనుకోండి. వాళ్లేటి చేస్తారు? ఆ ఎల్లాజీకి నోటితో చెప్పి, నిజంగానే మూయించీస్తారు."

వరహాలమ్మ వాదించబోయింది. ఆవిడకు అసత్యం సరిపడదు. అయితే అతని తర్కంలో చిల్లు కోసం చాలాసేపు వెదికినా కనిపించలేదు. పైగా తాము అబద్ధం చెప్పడం లేదు. అడిగినవారికి ఉన్నదున్నట్టు చెబుతారు. ఉత్తర్వు ప్రకారం నోటిమాట చెల్లదు గనుక అడిగే అధికారం వాళ్లకే లేదు.

కబురు నోటి నుంచి నోటికే వెళ్లింది. మొదటి వారం ఇరవైమంది, నెల తిరిగేసరికి రెండువందలు. ఈత వచ్చినవారందరూ అన్నమాట. వరహాలమ్మ ఆసుపత్రికి ఫోను చేసి పన్నెండో తేదీని వాయిదా వేయించింది. తర్వాత పరీక్షకు వెళితే డాక్టరు మోకాలు వంచి చూసి, ఏదో గొణిగి, తేదీ కొట్టేశాడు.

కార్యాలయంలోనూ అంతా బాగుంది. నిహాంత్ గీత తొంభై ఎనిమిది దగ్గర నిలకడగా ఉంది. మూసి ఉన్న కొలనుకు ఇంతటి సభ్యానుబంధం దక్షిణాదిలో మరెక్కడా లేదని ఒక సదస్సులో అతనికి జ్ఞాపిక ఇచ్చారు. అది తీసుకుంటున్న ఫోటోలో గజేంద్రనాథ్ కూడా ఉన్నాడు. క్లబ్బు రెండో కొలనును కూడా మూసే యోచనలో ఉందని, అందుకోసం ముందుగా ఒకటి నిర్మించవలసి ఉంటుందని అతను అక్కడ ప్రకటించాడు.

సభ్యులు తమ వంతు లోపం రానివ్వలేదు. ఆనాటి మెయిలు ఉదయం ఆరింటికి వస్తుంది. ఆరింటికి ముందే గట్టు మీద చేరిన పెద్దలూ ఆడవాళ్లూ అందరూ ఈత దుస్తుల్లో వరసగా నిలబడి, సంచుల్లోంచి ఫోన్లు తీసి, తలలు వంచి, వేలితో ఒక్కసారి తాకి, మళ్లీ సంచుల్లో పెట్టేవారు. సత్యారావు మరిచిపోయినవాళ్లను పేరుపెట్టి కేకేసేవాడు. "ఏవండీ, తెరిచేరా? నిద్రాణం అయిపోగల్రు!"

కొన్నాళ్లు దూరం నుంచి చూసిన ఎల్లాజీ, ఒక ఉదయం ఉండబట్టలేక వరహాలమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఏటమ్మా అది? నీళ్లలో దిగేముందు దండం పెట్టుకుంటన్నారా?"

"కాదు ఎల్లాజీ, కబురు చూసుకుంటున్నాం."

"ఏటంట కబురు?"

"కొలను మూసేశారట."

"ఓహో" అన్నాడు ఎల్లాజీ. ఒంగి అరచేత్తో నీళ్లు తాకి చూశాడు. "బేగి దిగండమ్మా, గోరువెచ్చగున్నాయి."

ఆవిడ కడ్డీ పట్టుకోకుండా మెట్లు దిగింది.